తమిళం అరకొర... మబ్బుల కొండకు ఒంటరిగా!

జార్జి టౌన్: భుజాన సంచి ఒకటే. మనిషీ ఒక్కడే. నోట్లో తమిళం నాలుగు ముక్కలు. చదవడమంటారా... సున్న! ఈ సరంజామాతో తేని జిల్లా మేఘమలై ఎక్కి, అడవి అంచుదాకా వెళ్లి, ఒక్క మాట అర్థం కాక ఏనుగుల దారిలోకి నడిచిన వైనమిది. ఆ నడిచింది మరెవరో కాదు, ఈ కథనం రాస్తున్న విలేకరే.

ఐదేళ్లుగా మన్నడిలో గది. లింగిచెట్టి వీధిలో మెస్సాయన తెలుగువాడే. తంబుచెట్టి వీధిలో జిరాక్సు షాపు వాళ్లూ తెలుగే. ఇక తమిళం నేర్చుకోవాల్సిన పనేముంది? ఆటో బేరానికి సరిపడా మాటలు అబ్బాయి. బస్సు నంబరు చూసి ఎక్కడమే గానీ బోర్డు చదివింది లేదు. సరిహద్దు దాటి వచ్చిన మనలో చాలామంది సంగతి ఇదే కదా!

దుబాసీల పేట ఇది
నిజానికి జార్జి టౌన్ రెండు భాషల వాళ్ల పేట. దుబాసీ అంటేనే రెండు భాషలు తెలిసినవాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరారు. అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. దారి పొడవునా చూసింది చూసినట్టు మిత్రుడికి రాసిన జాబులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆయన వెంట పరివారం ఉంది, బోయీలున్నారు. మన వెంట ఉన్నది నీళ్ల సీసా మాత్రమే.

సెంట్రల్‌లో ఎక్కితే...
2023 జూన్ నుంచి చెన్నై సెంట్రల్‌లో బోడినాయకనూరు రైలు ఎక్కే వీలు కలిగింది. రాత్రి ఎక్కితే తెల్లారి తేనిలో దిగొచ్చు. అక్కడి నుంచి చిన్నమనూరు గంటలోపే. కొండ మీదికి బస్సులు తక్కువ. బస్టాండులో వరసగా నిలబడ్డ బస్సుల్లో ఏది మనదో తెలియలేదు. అన్నింటి మీదా జిలేబీలు చుట్టినట్టు అక్షరాలే! ఒకదాంట్లో ఎక్కి కూర్చుంటే కండక్టరు దించేశాడు. అది కంబం బస్సట. ఈలోగా అసలు బస్సు కాస్తా వెళ్లిపోయింది.

చేసేది లేక టీ బంకు దగ్గర కూలబడి ఇంటికి ఫోను చేశాను. అమ్మతో మాట్లాడుతుంటే పక్కన బల్ల మీద కూర్చున్న ముసలమ్మ చెవి రిక్కించింది. ఫోను పెట్టగానే, "యా ఊరు నాయనా మీది? తెనుగు మాట్లాడతాండావే!" అంది. ప్రాణం లేచొచ్చింది. వాళ్లింట్లో అందరిదీ తెనుగేనట. గడప దాటితే తమిళం. ఎప్పుడొచ్చారు అవ్వా ఇక్కడికి అంటే నవ్వేసింది. తాతల తాతలనాడు అంతే.

మధుర నాయక రాజుల కాలంలో దక్షిణాదికి తరలి వచ్చిన తెలుగు కుటుంబాలు తేని, మధుర, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి.రాజనారాయణన్ ఈ వలస కథనే తమిళంలో నవలలుగా రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. ఇక్కడి మన వాళ్ల బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

అవ్వ మనవడు ఎనిమిదో తరగతి. నేను తెలుగులో అడిగితే అర్థమవుతోంది, జవాబు మాత్రం తమిళంలో చెబుతున్నాడు. తర్వాతి బస్సు బోర్డు చదివి నన్ను ఎక్కించింది ఆ పిల్లాడే. నా చేతిలో ఉన్న తెలుగు పేపరు చూసి అవ్వ ముచ్చటపడింది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నా పేరు యాడన్నా రాసి చూపించు నాయనా" అంది. రాసి ఇచ్చాను. మడిచి రవిక లోపల పెట్టుకుంది.

చెట్ల మీద వాన
చిన్నమనూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు, 18 పెద్ద మలుపులు. మలుపుకో పువ్వు పేరు పెట్టి బోర్డు కట్టారు. చదవడం రాని నాకు అన్నీ ఒకే పువ్వు! పైకి చేరితే సముద్ర మట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తు. టీ తోటలు, మధ్యలో కరెంటు కోసం కట్టిన చెరువులు. లోయల్లో ముదురాకుపచ్చగా షోల అడవి. ఇంగ్లిషువాళ్లు ఈ కొండలకు 'హైవేవీస్' అని పేరు పెట్టారు.

షోల అడవిలో చెట్లు పొట్టివి. కొమ్మలకు నాచు, ఆర్కిడ్ మొక్కలు వేలాడుతుంటాయి. మబ్బు వచ్చి ఆకులకు తగిలి నీటి బొట్లుగా రాలుతుంది. అంటే వాన లేకున్నా చెట్ల కింద తడుస్తాం. కోస్టారికాలోని మోంటెవెర్డెలో చూడటానికి దేశదేశాల వాళ్లు వెళ్లే మబ్బు అడవి లాంటిదే ఇదీ. ఈ నేల స్పంజిలా నీరు పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. మధురకు నీళ్లిచ్చే వైగై పుట్టింది ఈ కొండల వరసలోనే. 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యంగా ప్రకటించడానికి ఇదీ ఒక కారణం.

ఆ ఒక్క మాట...
రెండో రోజు పొద్దున్నే టీ తోట గట్టు మీదుగా అడవి వైపు కాలిబాట పట్టాను. మంచు కమ్మి పది అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. వెనక నుంచి ఎవరో కేక వేశారు. గాలికి ముందు మాట కొట్టుకుపోయింది. చెవిన పడింది ఒక్కటే... "తొందరవు!"

తొందరగా వెళ్లమంటున్నాడు కాబోలు అనుకున్నా. అడుగు పెంచాను. మళ్లీ కేక. ఇంకాస్త పెంచాను. చివరికి ఆ తోట కూలీ రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చి భుజం పట్టి ఆపాడు. "ఆనై... ఆనై తొందరవు!" అంటూ ముందుకు చూపించాడు. బాట మీద ఏనుగు పేడ. ఇంకా పొగలు కక్కుతోంది. పక్కనే విరిచిన కొమ్మలు.

తమిళంలో 'తొందరవు' అంటే బెడద అని అప్పటిదాకా తెలియదు! తెలుగు అర్థం తీసుకుని, వద్దన్న కొద్దీ ఉరికాను. కాళ్లు వణికాయి. ఆయన "తనియావా?" అని అడిగాడు. ఒంటరిగానా అని. తలూపాను. ఇంకేం అనకుండా రోడ్డు దాకా తీసుకొచ్చి దిగబెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

తప్పు పూర్తిగా నాదే. అనుమతి లేకుండా ఆ బాట పట్టకూడదు. ఇదే తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న కార్చిచ్చు రేగి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఆ తర్వాతే రాష్ట్రంలో ట్రెక్కింగ్‌కు నిబంధనలు బిగించారు. 2024లో 'ట్రెక్ తమిళనాడు' పేరిట 40 దారులు తెరిచి, గైడుతో పాటు వెళ్లేలా ఆన్‌లైన్ బుకింగ్ పెట్టారు. ఒంటరి షికారు మోజున్నవాళ్లు రోడ్డు వరకే ఒంటరిగా వెళ్లాలి. అడవిలోకి మాత్రం గైడు వెంటే.

తిరిగొచ్చిన మర్నాడే బ్రాడ్‌వేలో ఒకటో తరగతి తమిళ వాచకం కొన్నాను. మెస్సాయన చూసి పడీ పడీ నవ్వాడు. నవ్వనీ! మొన్న మా వీధి చివర బోర్డు కూడబలుక్కుని చదివాను. 'లింగి చెట్టి తెరు'. ఐదేళ్లుగా రోజూ దాని కిందనుంచే నడుస్తున్నా. అవ్వ పేరు రాసిచ్చిన నేను, ఈసారి వెళ్లినప్పుడు ఆ మనవడికి తెలుగు అ ఆలు దిద్దిస్తానని మాటిచ్చాను. బదులుగా బస్సు బోర్డులన్నీ నేనే చదవాలని వాడి షరతు.

ఈ మాటలు వస్తే చాలు
తొందరవు: బెడద. తొందర కాదు!
అవసరం: అర్జెంటు. 'కావాలి' అనడానికి 'వేణుం' అనాలి.
ఇల్లె: లేదు. ఇల్లు కాదు.
పోగాదీంగ: వెళ్లకండి. వినగానే ఆగిపోవాలి.
వళి ఎంగే: దారి ఎక్కడ?
కడైసి బస్ ఎప్పో: చివరి బస్సు ఎప్పుడు?
ఆనై: ఏనుగు. ఇక చెప్పేదేముంది!