రిజర్వాయర్‌లో బోటింగా? ముందు లోతు మ్యాప్‌ని ఫోన్‌లో ఇలా చూసుకోండి

కయాక్‌లు, గాలి నింపే బోట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వచ్చేస్తున్నాయి. మా ఆనందపురం చుట్టూ వాటిని దించాలనిపించే నీళ్లకూ కొదవ లేదు. మండలంలోనే గంభీరం రిజర్వాయర్ ఉంది. సిటీ వైపు వెళ్తే ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ. విజయనగరం జిల్లాలో తాటిపూడి, అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ. అక్కడిదాకా దారి చూపించడానికి గూగుల్ మ్యాప్స్ చాలు. నీళ్ల మీదకి వెళ్లాక మాత్రం ఆ మ్యాప్‌లో కనిపించేది నీలం రంగొక్కటే. రెండడుగుల లోతుకీ అదే నీలం, ఇరవై అడుగుల లోతుకీ అదే నీలం.

ఆ నీలం కింద ఏముందో చెప్పేదే లోతు మ్యాప్. టెక్నికల్‌గా బాథిమెట్రిక్ మ్యాప్ అంటారు.

గీతల్ని ఎలా చదవాలి?

ఒకే లోతు ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసిన గీతలే కాంటూర్లు. గీతలు దూరం దూరంగా ఉంటే నేల మెల్లగా దిగుతోందని అర్థం. ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అక్కడ ఒక్కసారిగా లోతు పెరుగుతుంది.

రిజర్వాయర్లలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆనకట్ట కట్టక ముందు అక్కడొక నదో గెడ్డో పారేది కదా, ఆ పాత దారి ఇప్పటికీ నీటి అడుగున పల్లంగానే ఉంటుంది. తాటిపూడిలో ఆ నది గోస్తనీ. కొండ నేరుగా నీళ్లలోకి దిగిన వైపు ఒడ్డుకి దగ్గరలోనే లోతు ఉండొచ్చు. 'ఒడ్డు పక్కనే కదా, నిలబడొచ్చు' అనే లెక్క అక్కడ పనిచేయదు.

297 అడుగులు అంటే లోతు కాదు

వర్షాకాలంలో పేపర్లలో చూసే ఉంటారు: తాటిపూడి పూర్తి నీటిమట్టం 297 అడుగులు, మేఘాద్రిగెడ్డ 61 అడుగులు. చాలామంది దీన్ని లోతు అనుకుంటారు. కాదు. అది సముద్రమట్టం నుంచి నీటి పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క.

మీ బోటు కింద లోతు తెలియాలంటే ఆ రోజు నీటిమట్టంలోంచి అక్కడి నేల ఎత్తుని తీసేయాలి. తాటిపూడిలో ఒక చోట నేల 285 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. రిజర్వాయర్ 297 అడుగులకి నిండితే అక్కడ 12 అడుగుల లోతు. వేసవిలో మట్టం 287కి పడిపోతే అదే చోట రెండే అడుగులు. కయాక్ దర్జాగా వెళ్లిపోతుంది, మోటారు బోటు ఫ్యాన్ మాత్రం మట్టిలో దిగబడుతుంది. అందుకే ఏ మ్యాప్ చూసినా, అది ఏ నీటిమట్టం దగ్గర తీసిందో ముందు చూడాలి.

మ్యాప్ పాతదైతే ఇంకో చిక్కు, పూడిక. శ్రీశైలం ఉదాహరణ చూడండి. పూర్తి మట్టం మొదట్నుంచీ 885 అడుగులే. కట్టినప్పుడు ఆ మట్టానికి 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్కల్లో ఉన్నది 215.81 టీఎంసీలు. పైన మట్టం మారలేదు, అడుగున నేల పైకి లేచింది.

మ్యాప్ దొరక్కపోతే?

బోటింగ్ యాప్‌లలో నావియోనిక్స్, సీ-మ్యాప్ పెద్ద పేర్లు. నావియోనిక్స్‌ని 2017లో గార్మిన్ కొనేసింది. సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు మీరు వెళ్లబోయే రిజర్వాయర్ మీద జూమ్ చేయండి. గీతలు, అంకెలు కనిపించకపోతే డబ్బులు కట్టొద్దు. ఫ్రీగా ఇంకో దారి ఉంది, నాకు బాగా నచ్చింది ఇదే.

1. కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోలు ఫ్రీగా చూడొచ్చు. ఫోటోలో ఒక్కో చుక్క 10 మీటర్లు. సుమారు ఐదు రోజులకోసారి కొత్త ఫోటో వస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి అక్టోబర్ నుంచి మే దాకా వెతకండి.
2. ఆ తేదీన నీటిమట్టం ఎంతో రాష్ట్ర జలవనరుల శాఖ పోర్టల్ ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్‌లో గానీ, పాత పేపర్లలో గానీ చూడండి.
3. ఆ ఫోటోలో నీటి అంచు ఎక్కడుందో గీయండి. మట్టం 290 అయితే మీరు గీసిందే 290 అడుగుల కాంటూర్.
4. వేర్వేరు మట్టాలున్న నాలుగైదు తేదీలకి ఇలాగే చేస్తే మీ మ్యాప్ రెడీ.

వేసవిలో కూడా బయటపడని నేల గురించి ఇది చెప్పలేదు. పది మీటర్ల కన్నా చిన్న బండలు, మోడులు కూడా కనిపించవు. దానికి సోనార్ కావాలి.

సోనార్ గాడ్జెట్ కొనాలా?

డీపర్, గార్మిన్ స్ట్రైకర్ కాస్ట్ లాంటివి బంతిలా ఉంటాయి. నీళ్లలో వేస్తే లోతుని ఫోన్‌కి పంపిస్తాయి. అది పంపిన శబ్దం అడుగుకి తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైమే కొలత. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది కాబట్టి, పది మీటర్ల లోతుకి ఆ రాకపోకలన్నీ కలిపి 13 మిల్లీసెకన్లు. మ్యాప్ గీయడమే మీ ఉద్దేశమైతే జీపీఎస్ ఉన్న వెర్షనే తీసుకోండి.

శబ్దం టార్చ్ వెలుగులా వెడల్పవుతూ దిగుతుంది. 20 డిగ్రీల కోణం ఉంటే పది మీటర్ల అడుగున మూడున్నర మీటర్ల వెడల్పు చూస్తుంది, రెండు మీటర్ల అడుగున 70 సెంటీమీటర్లే. అంటే లోతు తక్కువున్న చోట, ప్రమాదం ఎక్కువున్న చోటే, అది చూసే జాగా చిన్నది. అక్కడ దగ్గర దగ్గరగా తిరిగి కొలవాలి. నీటి మొక్కలు దట్టంగా ఉండే కొండకర్ల ఆవ లాంటి చోట, ఆ నాచునే అడుగు అనుకునే అవకాశం ఉంది.

'ఐఫోన్ ప్రోలో లైడార్ ఉంది కదా, దాంతో కొలవొచ్చా?' అంటే కుదరదు. అది వాడే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నీళ్లు మింగేస్తాయి.

బయలుదేరే ముందు

ఇవి ఎక్కువగా విశాఖకి తాగునీరు ఇచ్చే రిజర్వాయర్లు. సొంత బోటు దించాలంటే ముందు అనుమతి అడగండి. ఆ రోజు నీటిమట్టం చూసి, మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసుకోండి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి, బండలున్న చోటుకి అంతకు రెండింతల దూరం పాటించండి.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక, దాన్ని వెతకడానికి సోనార్లు తెచ్చారు. బోటు బయటికొచ్చింది అక్టోబర్ 22న. మనవైపు సోనార్ పేరు ఎక్కువగా వినిపించేది ఇలా ప్రమాదం జరిగాకే. ట్రిప్‌కి ముందే వాడుకోవాల్సిన టెక్నాలజీ అది. అయితే ప్రవాహం ఎంత ఉందో, గాలి ఎటు మళ్లుతుందో ఏ లోతు మ్యాప్ కూడా చెప్పదు. కాబట్టి లైఫ్ జాకెట్ కొన్నాకే సోనార్ కొనండి.