కనబడని కొలువులు

అమెరికా విశ్వవిద్యాలయాలలో రెండవ సంవత్సరపు కర్బన రసాయన శాస్త్ర తరగతిలో కూర్చున్నవారిలో చాలామంది రసాయన శాస్త్రవేత్తలు కాగోరి వచ్చినవారు కారు. వైద్య కళాశాలలో ప్రవేశానికి ఆ పాఠ్యాంశం అవసరం గనుక వచ్చినవారు. అందులో ‘సి’ గ్రేడు వచ్చిననాడు ప్రవాసాంధ్ర కుటుంబపు బిడ్డకు ముందున్న దారులన్నీ మూసుకుపోయినట్లే తోస్తుంది. అదే శాస్త్రంలో పట్టా పొందినవారు, న్యాయశాస్త్రం చదవకుండానే, ప్రభుత్వ పేటెంటు కార్యాలయపు పరీక్షలో ఉత్తీర్ణులై పేటెంటు ఏజెంటుగా మంచి వేతనం సంపాదించవచ్చునని ఆ బిడ్డకు ఎవరూ చెప్పి ఉండరు. రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసేవారికి సాధారణంగా ఫీజు లేకపోవడమే గాక భృతి కూడ లభిస్తుందని తెలియక, “ఇంకో అయిదేళ్ళ ఫీజు ఎక్కడ తెచ్చేది?” అని విరమించుకునే వారూ ఉన్నారు.

ఇది తెలివితేటల లోపం కాదు. రాజ్ చెట్టి, ఆయన సహచరులైన ఆర్థిక శాస్త్రజ్ఞులు 12 లక్షలమంది ఆవిష్కర్తల పేటెంటు వివరాలను పన్నుల లెక్కలతో సరిపోల్చి 2019లో ఒక పరిశోధనను ప్రచురించారు. ఆదాయంలో అగ్రస్థానాన గల నూటికి ఒక్క కుటుంబపు పిల్లలు, దిగువ సగంలోని కుటుంబాల పిల్లలకంటె పది రెట్లు అధికంగా ఆవిష్కర్తలవుతున్నారు. న్యూయార్కు బడులలో మూడవ తరగతి లెక్కల మార్కులు ఈ అంతరంలో మూడవ వంతునైనా వివరించలేకపోయాయి. మిగిలినదంతా డబ్బు మహిమే అనుకుందామా? పెద్దయ్యాక బోస్టనులో స్థిరపడినవారిలోనే, సిలికాన్ లోయలో పెరిగినవారు కంప్యూటర్లలోను, వైద్య పరికరాల పరిశ్రమ గల మినియాపొలిస్‌లో పెరిగినవారు ఆ పరికరాలలోను ఎక్కువగా పేటెంట్లు పొందారు. డబ్బు ఒక్కటే కారణమైతే రంగం ఇలా మారనక్కరలేదు. ఆడపిల్లల విషయం మరీ గమనించదగినది. తాము పెరిగిన ప్రాంతంలో ఒక రంగంలో స్త్రీలు ఆవిష్కర్తలుగా ఉన్నప్పుడు వారూ ఆ రంగంలోకి ఎక్కువగా వెళ్ళారు. పురుషులు ఉన్నందువల్ల ఆ ప్రభావం కలుగలేదు.

1965 నాటి వలస చట్టం వృత్తి నిపుణులకు తలుపు తెరచిన తరువాత వచ్చిన తెలుగువారిలో వైద్యులు, ఇంజనీర్లు ఎక్కువ. వైద్యుల ఇంటి పిల్లకు రెసిడెన్సీ, ఫెలోషిప్ అనే మాటలు భోజనాల బల్ల దగ్గరే చెవిన పడతాయి. కిరాణా కొట్టు నడిపేవారి పిల్లవాడు వాటిని కాలేజీకి వెళ్ళాక, అప్పటికే ఆలస్యమయ్యాక వింటాడు. అయితే ఆ వైద్యుల ఇంట్లోనూ బీమా సంస్థలలో నష్టభయాన్ని గణించే యాక్చువరీ సంగతి వినబడదు. పెద్ద చదువుల ఇల్లయినా కిటికీ ఒక్కటే. కాకపోతే అది మంచి జీతాల వైపు తెరచుకొని ఉంది.

బోస్టన్ శివారులోని న్యూటన్‌లో ఉద్యోగులను ప్రశ్నించి మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసంలో ఒక వింత ఉంది. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ తెలిసినవారిని తరచుగా కలుసుకునేవారు నూటికి 17 మందే. ఏడాదికి ఒకసారో, అంతకంటె తక్కువగానో చూసేవారు 28 మంది. ఇంటివారికి తెలిసినదే ఇంటివారు చెప్పగలరు. కొత్త కబురు దూరపు పరిచయస్తుల నుంచి వస్తుంది.

ఏడాదికొకసారి కలిసే అటువంటి పరిచయస్తులు సంఘం వార్షికోత్సవ భోజనాల దగ్గర వందలమంది కనబడతారు. పిల్లలను “ఏ కాలేజీ? ఏ మేజరు?” అని వారు తప్పక అడుగుతారు. పొద్దున్నించి సాయంత్రం దాకా తాము ఆఫీసులో చేసే పని ఏమిటో మాత్రం చెప్పరు, పిల్లలూ అడగరు.