కనిపించలేదంటే లేనట్టేనా?

హైదరాబాద్‌లో బీడీఎల్ అంటే క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్. నీటి పరీక్షల నివేదికల్లో మాత్రం అది ‘బిలో డిటెక్షన్ లిమిట్’. పరికరం గుర్తించగలిగే కనీస మోతాదు కన్నా తక్కువ అని అర్థం. దాన్ని ‘లేదు’ అని చదువుకోవడం సులువు. చిక్కంతా అక్కడే.

బస్తర్ డివిజన్‌లోని దంతేవాడ జిల్లా ఇందుకు మంచి ఉదాహరణ. బైలాడిలా కొండల్లో ఎన్‌ఎండీసీ 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతోంది. గనుల దిగువన శంఖిని నది ఎర్రబారిందన్న ఫిర్యాదు దశాబ్దాల నాటిది. దంతేశ్వరి గుడి దగ్గర డంకినితో కలిసే ఈ నీరు ఇంద్రావతి మీదుగా మన గోదావరిలోకే వస్తుంది. ఎరుపును చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. రంగూ రుచీ లేని ఆర్సెనిక్ లాంటి వాటి విషయంలోనే, ఒడ్డున ఉన్నవారికి కాగితం మీది అంకె తప్ప మరో ఆధారం లేదు. ఆర్సెనిక్ భయం ఉత్తదేమీ కాదు. బస్తర్‌కు ఉత్తరాన, రాజ్‌నంద్‌గావ్ ప్రాంతంలోని కౌడీకసా గ్రామ భూగర్భ జలాల్లో అది ఉన్నట్టు 1999లోనే వెల్లడైంది.

పర్యావరణ అనుమతి పొందిన గనులు 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆర్నెల్లకోసారి నివేదిక ఇవ్వాలి. అందులోని నీటి పట్టికలో ఉత్త బీడీఎల్ అని ఉంటే అది సగం సమాచారమే. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. ప్రయోగశాల చూపు 0.02 దగ్గరే ఆగిపోతే? నీటిలో 0.015 ఉన్నా బీడీఎల్ అనే రాస్తుంది. ఆ రాత అబద్ధం కాదు, కానీ నీళ్లు తాగొచ్చో లేదో చెప్పదు. పైగా 2003కు ముందు ప్రమాణమే 0.05. పాత నివేదికల్లోని బీడీఎల్‌ను ఇప్పటి లెక్కతో పోల్చాలంటే అప్పటి డిటెక్షన్ లిమిట్ తెలిసి తీరాలి.

యూరోపియన్ యూనియన్ 2009లోనే నీటి పరీక్షలకు షరతు పెట్టింది. కచ్చితంగా కొలవగలిగే కనీస మోతాదు, ప్రమాణంలో 30 శాతానికి మించకూడదు. ఆ లెక్కన మన ఆర్సెనిక్‌కు 0.003. సగటు లెక్కించేటప్పుడు అంతకన్నా తక్కువ వచ్చిన ఫలితాన్ని సున్నాగా కాక, ఆ మోతాదులో సగంగా తీసుకోవాలి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికీ ఇది కొత్త కాదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 4 మైక్రోగ్రాములకు తక్కువైతే సగటులో 2గా లెక్కకట్టింది.

గుర్తింపు పొందిన ప్రయోగశాలకు తన పద్ధతి ఎంతవరకు చూడగలదో తెలిసే ఉంటుంది. బీడీఎల్ బదులు ‘0.003 కన్నా తక్కువ’ అని రాయడానికి కొత్త పరికరమేదీ కొననక్కర్లేదు.