వాల్వు మార్చాక మొదలయ్యే లెక్క

ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. దాన్ని నిలబెట్టుకునే పని మాత్రం వంటింట్లో, మందుల షాపులో, ల్యాబ్ బల్ల దగ్గర ఏళ్ల తరబడి సాగుతుంది. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లూ, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లకు మొదట్లో రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టదు. ఇల్లంతా సద్దుమణిగాక ఛాతీలోంచి టిక్ టిక్‌మని చప్పుడు మొదలవుతుంది. బక్కపల్చని మనిషైతే పక్కన పడుకున్నవాళ్లకూ వినపడుతుంది. కొన్నాళ్లకు చెవి దానికి అలవాటు పడిపోతుంది. ఆ చప్పుడు స్పష్టంగా ఉంటే వాల్వు రెక్కలు ఆడుతున్నాయని అర్థం. రోజూ వినపడేది ఉన్నట్టుండి మందగించి, దానికి ఆయాసం కూడా తోడైతే తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయల్దేరాలి. వాల్వు మీద రక్తం గడ్డకట్టి రెక్క బిగుసుకుపోయిందేమో ఎకో తీసి చూస్తేగానీ తెలియదు.

ఇలాంటి ముఖ్యమైన మాటలన్నీ మన ఆసుపత్రుల్లో డిశ్చార్జి రోజున చెబుతారు. ఆరోజు ఇంటిల్లిపాదికీ కాగితాలు, సంతకాలు, మందుల సంచి, బండి మాట్లాడుకోవడంతోనే సరిపోతుంది. చెప్పింది చెవికెక్కదు. ఈ మాటలు జరగాల్సిన సమయం అది కాదు. ఏ వాల్వు పెట్టాలో నిర్ణయించకముందే, అంటే ఆపరేషన్‌కు ముందే, ఇంట్లోవాళ్లంతా డాక్టరు ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ నిర్ణయంలోనే తర్వాతి జీవితం సగం ఖాయమైపోతుంది.

ఎవరీ రోగులు?

అమెరికా, ఐరోపాల్లో వాల్వు ఆపరేషన్ అనగానే డెబ్భై దాటిన పెద్దాయన గుర్తుకొస్తాడు. వయసుతో అయోర్టిక్ వాల్వు మీద సున్నం పేరుకుని గట్టిపడుతుంది. అలాంటివాళ్ల కోసమే ఫ్రాన్స్ వైద్యుడు అలాన్ క్రిబియే 2002లో ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా వాల్వు పెట్టే పద్ధతికి దారి తీశాడు. మన పెద్ద నగరాల ఆసుపత్రుల్లోనూ ఇప్పుడది చేస్తున్నారు.

మన ఊళ్ల కథ వేరు. ఇక్కడ ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లలో ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు చాలామంది. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు వయసులో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. సరైన మందు పడకపోతే కొందరిలో అది రుమాటిక్ జ్వరంగా మారుతుంది. కీళ్లు వాచి తగ్గిపోతాయి. గుండె వాల్వుల మీద మచ్చ మాత్రం మిగిలిపోతుంది. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ వాల్వు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చాలామందికి మొదటి కాన్పు సమయంలోనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే విదేశీ పుస్తకాల్లో ఉండే ‘రిటైరయ్యాక గుండె సంరక్షణ’ సలహాలు మనవాళ్లకు పెద్దగా అక్కరకు రావు. పెళ్లి, పిల్లలు, కూలిపని, ల్యాబ్ ఉన్న ఊరికి బస్సు... ఇక్కడి ప్రశ్నలు ఇవీ.

ఏ వాల్వు?

1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజినీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి పంజరంలో బంతి ఆడే కృత్రిమ వాల్వును మైట్రల్ స్థానంలో పెట్టారు. దాంతో తొలినాళ్లలో బయటపడినవాళ్లలో ఒకాయన పదేళ్లు హాయిగా బతికాడు. చివరికి పోయింది గుండెజబ్బుతో కాదు, ఇంటికి రంగులేస్తూ నిచ్చెన మీంచి పడి. మన దేశంలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి సొంత వాల్వు తయారుచేసింది. చిత్ర వాల్వు పేరుతో 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. దిగుమతి సరుకు కొనలేని ఎన్నో ఇళ్లను అది ఆదుకుంది.

ఇప్పుడు రోగి ముందుండే దారులు ప్రధానంగా రెండు. లోహపు వాల్వు దశాబ్దాలు మన్నుతుంది గానీ రక్తం పలచబడే మందు జీవితాంతం వాడాలి. జంతు కణజాలంతో చేసిన వాల్వుకైతే సాధారణంగా ఆ మందు మొదటి కొద్ది నెలలే, గుండె లయ తప్పినవాళ్లకు మాత్రం ఎక్కువ కాలం. కానీ అది పదీ పదిహేనేళ్లకు అరిగిపోతుంది, చిన్న వయసువాళ్లలో ఇంకా త్వరగా. అప్పుడు మళ్లీ ఆపరేషన్. సొంత వాల్వును బాగుచేయడం కుదిరితే అంతకన్నా మేలు లేదు. కానీ రుమాటిక్ జ్వరం బాగా తినేసిన వాల్వుకు అన్నిసార్లూ ఆ అదృష్టం ఉండదు. ఇంకా పిల్లల్ని కనాలనుకుంటున్న అమ్మాయికీ, నెలనెలా రక్తపరీక్షకు వెళ్లగలిగే పట్నం ఉద్యోగికీ, ఏజెన్సీ గూడెం నుంచి వచ్చిన రైతుకూ ఒకే జవాబు ఉండదు. ‘మీ ఇష్టం డాక్టరుగారూ’ అని తప్పుకోవడం మర్యాదే కావచ్చు, ఇక్కడ మాత్రం అది పనికిరాదు. మీ ఊరెంత దూరమో, మీ ఇంట్లో పెళ్లి ప్రయత్నాలు ఏమున్నాయో డాక్టరుకు మీరు చెబితేనే తెలుస్తుంది.

ఎముక అతికేదాకా

ఛాతీ మధ్య ఎముకను కోసి, పని అయ్యాక ఉక్కు తీగతో బిగిస్తారు. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా నిండు బిందె ఎత్తకూడదు, పిల్లాణ్ని చంకనేసుకోకూడదు, బండి నడపకూడదు. మంచం మీంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు మోపకుండా పక్కకు ఒత్తిగిలి లేవాలి. దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గాలి. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం నిలిచిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే మూడు బంతుల ఊపిరి పరికరాన్ని అటక మీద పడేయకుండా ఇంట్లోనూ వాడాలి.

నడక మాత్రం మొదటి వారం నుంచే. వరండాలో మొదలుపెట్టి వీధి చివరిదాకా, ఆ తర్వాత పొలం గట్టుదాకా. రోజూ ఉదయం ఒకే వేళకు బరువు చూసుకుని రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. కాళ్ల వాపు, గుండె దడ, 100.4 డిగ్రీలు దాటే జ్వరం, కుట్ల దగ్గర చీము... వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

ఎవరూ బయటికి చెప్పుకోనిది దిగులు. ఆపరేషన్ బాగా జరిగింది, చూసినవాళ్లంతా అదృష్టవంతులంటున్నారు, తనకేమో ఊరికే ఏడుపొస్తుంటుంది. తిండి సహించదు, పేపరు చదివితే బుర్రకెక్కదు. గుండె ఆపరేషన్ తర్వాత ఇది చాలామందిలో కనిపిస్తుంది, ఎక్కువమందిలో వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దానికీ చికిత్స ఉంది. భార్యాభర్తల కలయిక గురించి అడగడానికి మనవాళ్లు మరీ సిగ్గుపడతారు. ఆయాసం లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే గుండె దానికి సిద్ధమైనట్టేనని వైద్యులు చెప్పే కొండగుర్తు.

ఒక మాత్ర, ఒక అంకె

లోహపు వాల్వు ఉన్నవాళ్ల ఇంట్లో అందరి నోటా నానే మాట అసిట్రోమ్, అంటే రక్తం పలచబడే మాత్ర. కొందరికి వార్ఫరిన్ రాస్తారు. ‘గూగుల్‌లో చూస్తే ఎలకల మందు అంటున్నారేంటి?’ అని కంగారుపడేవాళ్లున్నారు. నిజమే. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒకరకం గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని కనిపెట్టింది. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్‌ను ముందు 1948లో ఎలకల మీద ప్రయోగించి, తర్వాత మనుషులకు మందుగా మార్చారు. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ అదే వాడారు. మోతాదు తప్పితే విషం, కుదిరితే ప్రాణం.

ఆ మోతాదు చెప్పేదే రక్తపరీక్షలో వచ్చే ఐఎన్‌ఆర్ అంకె. మామూలు మనిషికి 1 దగ్గరుంటుంది. లోహపు వాల్వు అయోర్టిక్ స్థానంలో ఉంటే సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్‌లో ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూస్తారు. మీ అంకె ఎంతో మీ డాక్టరు చేతిరాతతో పుస్తకంలో ఉండాలి. తగ్గితే గడ్డ, పక్షవాతం. పెరిగితే రక్తస్రావం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, నల్లటి విరేచనమైనా, తలకు దెబ్బ తగిలినా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

మాత్ర సాయంత్రం ఒకే వేళకు వేసుకోవాలి. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు మింగకూడదు. పరీక్ష వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించాలి. నీలం మూత గొట్టంలో రక్తం గీతదాకా నింపాలి. సగం నింపితే అంకె తప్పుతుంది. ఇది సూది వేసే కుర్రాడికి మీరు గుర్తుచేసినా తప్పులేదు. ‘పరీక్ష అక్కర్లేని కొత్త మందులొచ్చాయట’ అని ఎవరో చెబితే నమ్మి మారొద్దు. డాబిగాట్రాన్ అనే అలాంటి మందును లోహపు వాల్వు ఉన్నవాళ్లలో పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై, ఆ అధ్యయనాన్నే మధ్యలో ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

అసలు ప్రమాదం చాలాసార్లు బంధువుల నోటి నుంచి వస్తుంది. ‘ఆపరేషనైపోయింది కదమ్మా, ఇంకా ఈ మాత్రలెందుకు, వేడి చేస్తాయి’ అంటారు. ఆరు నెలలు బాగున్నాక మాత్ర మానేసి, బిగుసుకుపోయిన వాల్వుతో తిరిగొచ్చే కేసులు గుండె విభాగాలవాళ్లకు కొత్త కాదు. ఆ మాట అన్నవాళ్లు అప్పుడు కనపడరు.

గోంగూర మానాలా?

మానక్కర్లేదు. తెలుగువాడికి గోంగూర మానమని చెప్పి పంపడం వైద్యం కాదు, శిక్ష. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి కావాల్సింది నిలకడ. వారానికి రెండుసార్లు తోటకూర తినే అలవాటుంటే ఏడాది పొడుగునా అలాగే తినండి. చిక్కు పండుగలతో వస్తుంది. ఆషాఢంలో మునగాకు మంచిదని ఇల్లంతా రోజూ వండుకుంటే అంకె పడిపోవచ్చు. కార్తీకమాసం ఉపవాసాల్లోనో, రంజాన్ నెలలోనో, జ్వరంతో తిండి మానేసినప్పుడో పెరిగిపోవచ్చు. దీక్ష తీసుకునే ముందు గురుస్వామితో పాటు డాక్టరుకూ చెప్పాలి. మద్యం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తిండికన్నా మందులు ఎక్కువ దెబ్బతీస్తాయి. విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, కొన్ని యాంటీబయాటిక్స్ అంకెను పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ రక్తస్రావానికి దారితీస్తుంది. పసరు మందుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట ఒక్కటే: ‘నాకు వాల్వు ఉంది, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నా.’ వాల్వు కంపెనీ, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డును ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. ఎమ్మారై చేయాల్సి వచ్చినా అదే కావాలి.

పళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరిన సూక్ష్మజీవి కొత్త వాల్వు మీద కాపురం పెడుతుంది. అందుకే పాడైన పళ్లు ఆపరేషన్‌కు ముందే తీయించుకోవాలి. తర్వాత పన్ను తీయించుకోవాల్సి వస్తే గంట ముందుగా యాంటీబయాటిక్ మోతాదు వేసుకోవాలి. కారణం తెలియని జ్వరం నాలుగు రోజులుంటే, యాంటీబయాటిక్ సూది పడకముందే రక్తం కల్చర్‌కు పంపమని అడగండి. సూది పడ్డాక సూక్ష్మజీవి దొరకడం కష్టం. రుమాటిక్ జ్వరంతో వాల్వు పోయినవాళ్లకు 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ కూడా కొత్త వాల్వు వచ్చిందని ఆగిపోదు. సూదిగానా, మాత్రగానా అన్నది డాక్టరు తేలుస్తారు.

దాచిపెట్టకూడని సంగతి

వాల్వు మార్పించుకున్న అమ్మాయికి ఛాతీ మీద గాటు కనపడకుండా జాకెట్టు మెడ ఎత్తుగా కుట్టించి పెళ్లి చేసేస్తారు. అత్తవారింట్లో మాత్ర దొంగచాటుగా మింగుతుంది ఆ పిల్ల. కొన్నాళ్లకు మానేస్తుంది, లేదా నెల తప్పాక కూడా ఎవరికీ చెప్పకుండా మింగుతూనే ఉంటుంది. రెండూ ప్రమాదమే. రక్తం పలచబడే ఈ మాత్రలు ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య బిడ్డ ఎదుగుదలను దెబ్బతీయగలవు. వాటి బదులు సూదిగా ఇచ్చే హెపారిన్ బిడ్డను చేరదు గానీ, దాని మీదున్నప్పుడు వాల్వు మీద గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే గర్భం అనుకోకముందే గుండె వైద్యుణ్ని, కాన్పు వైద్యురాలిని కలిసి ఏ నెలలో ఏ మందో రాయించుకోవాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతుంటే ‘ఆడవాళ్లకు మామూలే’ అని సర్దుకోకుండా రక్తహీనత పరీక్ష చేయించాలి. పెళ్లికి ముందే వియ్యంకులకు చెబితే సంబంధం తప్పిపోవచ్చు. దాస్తే మనిషే దక్కకపోవచ్చు.

పని విషయంలో తొందర, బెంగ రెండూ ఎక్కువే. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వెళ్లొచ్చు. వరినాట్లకూ, బేల్దారి పనికీ మూడు నెలలు దాటాలి. కొడవలితో, రంపంతో పని అయితే పని మార్చుకోవడమే మేలు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక వాల్వు ఆపరేషన్ పేదవాడికీ అందింది. అప్పు చేయకుండా గుండె బాగుచేయించుకున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో. ఇంటికి బయల్దేరే ముందు ఆసుపత్రిలోని పథకం సహాయకుణ్ని, అంటే ఆరోగ్యమిత్రను, అడగండి: ఫాలోఅప్ కింద మందులు, పరీక్షలు ఏమేం వస్తాయి, ఎన్నాళ్లు వస్తాయి, దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఐఎన్‌ఆర్ చేస్తారు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఒక విన్నపం. వాల్వు పెట్టించిన పథకమే, ఆ వాల్వు ఉన్నన్నాళ్లూ మాత్రనూ పరీక్షనూ బస్సుచార్జీ లేకుండా వెళ్లగలిగినంత దగ్గరలో ఉచితంగా ఇవ్వాలి.