ఆటల పెట్టె సినిమా నేర్చిన కథ

2001 నవంబరు 15న అమెరికా దుకాణాల్లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ అమ్మకానికి వచ్చింది. ధర 299 డాలర్లు. నల్లటి, బరువైన పెట్టె. కొన్నవాళ్లలో కొందరికి ఆటల మీద కన్నా స్క్రూడ్రైవర్ మీద మోజు ఎక్కువ. వాళ్లు మూత విప్పి చూస్తే లోపల ఉన్నది దాదాపు మామూలు కంప్యూటరే. 733 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచే ఇంటెల్ పెంటియం-3 జాతి ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమరీ, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్, డీవీడీ డ్రైవు, 8 గిగాబైట్ల హార్డ్‌డిస్కు, వెనకవైపు సెకనుకు 100 మెగాబిట్లు మోయగల నెట్‌వర్క్ సాకెట్. వీటన్నిటికీ తోడు, అప్పటి కంప్యూటర్లలో చాలావాటికి చేతకాని పని ఒకటి దీనికి పుట్టుకతోనే వచ్చు. హాల్లో ఉన్న టీవీకి వైరు తగిలిస్తే చాలు, బొమ్మ వస్తుంది.

ఆ రోజుల్లో సరిగ్గా అదే అందరికీ కావలసి వచ్చింది. సినిమాలు, రికార్డు చేసిన టీవీ కార్యక్రమాలు కంప్యూటర్లోకి చేరడం అప్పుడే మొదలైంది. కంప్యూటరేమో ఏ మూలగదిలోనో ఉండేది, ఇంటిల్లిపాదీ కూర్చునేది హాల్లో. మన ఊళ్లలో ఈ చిక్కును మరికొన్నేళ్లకు పెన్‌డ్రైవ్ తీర్చింది. కంప్యూటర్లో సినిమా ఎక్కించుకుని, డీవీడీ ప్లేయరు ముఖాన ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చేవాళ్లం. 2002 నాటికి ఆ సదుపాయం లేదు. సీడీలు కాల్చుకోవడమో, పొడవాటి వైరు గోడల వెంట లాగడమో చేయాలి.

సినిమా కంప్యూటర్లో ఇమడడం వెనక ఒక చిన్న కథ ఉంది. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్ ఎంపెగ్-4 అనే పద్ధతిలో వీడియోను కుదించే ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది. దాన్ని తాను చెప్పిన ఫైళ్లలో తప్ప వాడకూడదని కట్టడి పెట్టింది. ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ రోటా ఆ కట్టడిని తెంచి డివ్‌ఎక్స్ అని పేరు పెట్టి వదిలాడు. గంటన్నర సినిమా 700 మెగాబైట్ల సీడీలో సరిపోయింది. అంటే సెకనుకు సుమారు ఒక మెగాబిట్. ఎంత కుదించినట్టో కాస్త లెక్క వేసుకోవచ్చు. 720 అడ్డం, 480 నిలువు చుక్కలున్న బొమ్మ, ఒక్కో చుక్కకు మూడు బైట్ల రంగు, సెకనుకు 30 బొమ్మలు: కుదించకుండా పంపితే సెకనుకు దాదాపు 250 మెగాబిట్లు. ఎక్స్‌బాక్స్ సాకెట్ మోయగలిగేది అందులో సగం కూడా కాదు. కుదించాక మాత్రం అదే తీగలో అలాంటి సినిమాలు పదుల సంఖ్యలో పక్కపక్కన నడిచిపోతాయి.

కాబట్టి దారి ఇరుకు కాదు. తీగకు అవతలి చివర కుదింపు విప్పడమే అసలు కష్టం. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. అక్కడక్కడ ఒక నిండు బొమ్మ, మధ్యలో అంతా ఒక బొమ్మకూ మరో బొమ్మకూ ఉన్న తేడాలే. "ఈ గడి అటు ఎనిమిది చుక్కలు జరిగింది, ఆ మూల వెలుగు కొంచెం తగ్గింది" అన్నట్టు సూచనలు. వాటిని చదివి బొమ్మను మళ్లీ కట్టడం ప్రాసెసరు పని. సెకనుకు 25 బొమ్మలనుకుంటే ఒక్కో బొమ్మకు 40 మిల్లీసెకన్ల వ్యవధి. ఆ వ్యవధిలో 733 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు కొట్టే టిక్కులు సుమారు 2.9 కోట్లు. 640, 480 కొలతల బొమ్మలో చుక్కకు 95 టిక్కులు దక్కుతాయి, అవి చాలు. 1280, 720 కొలతలకు వెళితే 32కు పడిపోతుంది, అప్పుడు నెట్టుకురావాలి. 1920, 1080 బొమ్మకు 14 మిగులుతాయి, అది కుదిరే పని కాదు. ఎక్స్‌బాక్స్ ఏ సినిమా ఆడించగలదు, ఎక్కడ చతికిలబడుతుంది అనేది ఈ మూడు అంకెల్లోనే ఉంది.

ఇన్ని వసతులున్న పెట్టెకు మైక్రోసాఫ్ట్ తాళం వేసింది. యంత్రాన్ని నష్టానికి అమ్మి ఆటల మీద వచ్చే రుసుముతో పూడ్చుకోవడం దాని లెక్క. అందువల్ల తాను సంతకం చేసిన ప్రోగ్రాం తప్ప మరేదీ నడవకూడదు. డీవీడీ డ్రైవు ఉంది కదా అని సినిమా డిస్కు పెడితే అదీ ఆడదు, రిమోట్ కిట్ విడిగా కొనాలి. డీవీడీ ఆడించే హక్కుకు కట్టాల్సిన సొమ్మును ఆ కిట్ కొన్నవాళ్ల మీదే వేశారన్నమాట.

తాళం ఎలా పనిచేసేదంటే, పెట్టెను ఆన్ చేయగానే మొదట నడిచే 512 బైట్ల కోడ్ ఒక చిప్ లోపల దాగి ఉంటుంది. మిగతా కోడ్ అంతటినీ విప్పే రహస్య తాళంచెవి కూడా అందులోనే. చిప్ లోపలికి ఎవరూ తొంగిచూడలేరని కంపెనీ ధీమా. అప్పట్లో ఎమ్‌ఐటీలో పరిశోధన చేస్తున్న ఆండ్రూ హువాంగ్, అందరూ పిలిచే పేరు 'బనీ', చిప్ జోలికి పోలేదు. ఆ కోడ్ ప్రాసెసరుకు చేరాలంటే రెండు చిప్‌ల మధ్య ఉన్న రాగి గీతల మీదుగా ప్రయాణించాలి కదా. ఆ గీతల మీద మాటు వేశాడు. సమాచారం అక్కడ సెకనుకు 40 కోట్ల బైట్ల వేగంతో పోతుంది. దాన్ని పట్టుకోవడానికి సొంతంగా ఒక బోర్డు తయారుచేసుకున్నాడు. తాళంచెవి దొరికింది. 2002 మే నెలలో ఎమ్‌ఐటీ పత్రంగా ఆ వివరం బయటపెట్టాడు. తర్వాత రాసిన పుస్తకాన్ని మొదట ఒప్పుకున్న ప్రచురణ సంస్థ చట్టపరమైన భయంతో వెనక్కి తగ్గితే సొంతంగా అచ్చువేసుకున్నాడు.

ఆ తర్వాత తాళాలు ఒక్కొక్కటే ఊడాయి. బోర్డు మీద అతికించే మాడ్‌చిప్‌లు బజారుకొచ్చాయి. 2003లో పెట్టె విప్పకుండానే పని జరిగే దారి కనిపించింది. జేమ్స్ బాండ్ ఆట ఒకటి, తాను దాచుకున్న ఫైలును తిరిగి చదివేటప్పుడు దాని పొడవు సరిచూసుకునేది కాదు. కావాలని పొడవు పెంచిన ఫైలు ఇస్తే, ఎక్కువైన భాగం మెమరీలో పక్కకు పొర్లి, అక్కడ ప్రోగ్రాంగా నడిచేది. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ఆటే తలుపు తీసిపెట్టింది! ఈ దారిన నకిలీ ఆటలు కూడా విచ్చలవిడిగా వెళ్లాయి, దాచాల్సిన పని లేదు. కానీ అదే తలుపు గుండా వెళ్లిన ఒక ప్రోగ్రాం మాత్రం ఆ యంత్రానికన్నా ఎక్కువ కాలం బతికింది.

దాని తొలి పేరు ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్. 2002లో ఇద్దరు ముగ్గురు ఔత్సాహికులు విడివిడిగా మొదలుపెట్టిన ప్లేయర్లు ఆ ఏడాది చివరికి ఒకటయ్యాయి. వాళ్లలో ఒకరి మారుపేరు ఫ్రోడో. సినిమా విప్పే విద్యను వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. హంగరీలో మొదలైన ఎంప్లేయర్, ఫ్రాన్స్‌లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాములను తెచ్చి ఎక్స్‌బాక్స్‌లో ఇమిడ్చారు. రంగుల మార్పిడి, బొమ్మను టీవీ కొలతకు సాగదీయడం వంటి పనులు గ్రాఫిక్స్ చిప్‌కు అప్పజెప్పి, ప్రాసెసరు టిక్కులన్నీ విప్పడానికే మిగిల్చారు. 2004 జూన్‌లో ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్, పొట్టిగా ఎక్స్‌బీఎంసీ, 1.0 వెలువడింది.

ఒక ఇబ్బంది చివరిదాకా వదల్లేదు. ఎక్స్‌బాక్స్‌లో నడిచేలా కోడ్‌ను తయారుచేయాలంటే మైక్రోసాఫ్ట్ ఆటల కంపెనీలకు మాత్రమే ఇచ్చే పనిముట్లు కావాలి. అందుకని ఎక్స్‌బీఎంసీ బృందం మూలకోడ్‌ను మాత్రమే బహిరంగంగా పెట్టేది, నడిచే ప్రోగ్రాంను తాను పంచేది కాదు. కావలసినవాళ్లు వేరే ఎక్కడో సంపాదించుకునేవాళ్లు.

ఈ ప్లేయరు చేసిన తెలివైన పని నా దృష్టిలో ఒకటుంది. కంప్యూటర్లో ప్రత్యేకంగా ఏదీ పెట్టమని అడగలేదు. విండోస్‌లో ఒక ఫోల్డరును షేర్ చేస్తే చాలు, ఎక్స్‌బాక్స్ పక్క కంప్యూటరులా వచ్చి అడిగేది. ఈ ఫైలులో ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా ఇవ్వు అంటుంది, కంప్యూటరు ఇస్తుంది. అది సినిమానో, ఆఫీసు ఉత్తరమో కంప్యూటరుకు తెలియాల్సిన పనే లేదు. మీరు రిమోట్‌తో 40వ నిమిషానికి దూకితే, ప్లేయరు ముందుగా ఫైలు చివర ఉన్న సూచికను చూసి, ఆ నిమిషం ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో తెలుసుకుని అక్కడి నుంచి అడుగుతుంది. ఏవీఐ ఫైళ్లలో సూచిక చివర ఉంటుంది కాబట్టి, సగం దిగిన సినిమా ఆడినా ముందుకూ వెనక్కూ జరపబోతే మొండికేసేది. ఆ రోజుల్లో ఇది చాలామందికి అర్థంకాని చిరాకు.

మైక్రోసాఫ్ట్ కూడా ఊరుకోలేదు. 2004 చివర్లో ఎక్స్‌బాక్స్‌కు మీడియా సెంటర్ ఎక్స్‌టెండర్ కిట్ తెచ్చింది, ధర 80 డాలర్లు. ట్యూనర్ కార్డున్న కంప్యూటరు టీవీ కార్యక్రమాలు రికార్డు చేసి పెడితే ఎక్స్‌బాక్స్ వాటిని హాల్లో చూపేది. కానీ ఆలోచన పూర్తిగా తిరగేసి ఉంది. మెదడు కంప్యూటర్లోనే ఉంటుంది, ఎక్స్‌బాక్స్ దాని కన్ను మాత్రమే. తెర మీద మెనూ కూడా అవతలి గదిలోని కంప్యూటరు నడిపించేదే. ఆ కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ ఉండి తీరాలి. డివ్‌ఎక్స్ సినిమాలు ఆ దారిన రావు. 80 డాలర్లు పోసి కొన్నది, ఊరికే దొరికే దానికన్నా తక్కువ పని చేసింది. ఇది పక్షపాతంతో అంటున్న మాట కాదు, రెండూ ఆడించే ఫైళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తెలిసేదే.

తర్వాతి తరం యంత్రాలకు ఈ విద్య పుట్టుకతోనే వచ్చింది, షరతులతో. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో ఎక్స్‌టెండర్ లోపలే ఉంది, కానీ డివ్‌ఎక్స్ నేర్చుకోవడానికి 2007 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. సోనీ ప్లేస్టేషన్-3 కూడా 2007లోనే డీఎల్‌ఎన్‌ఏ అనే ఉమ్మడి పద్ధతిలో ఇంటి కంప్యూటరు నుంచి వీడియో తీసుకోవడం మొదలుపెట్టింది. యూఎస్‌బీ డిస్కు పెట్టుకోవచ్చు కదా అంటే, ప్లేస్టేషన్ చదివే ఫ్యాట్-32 అమరికలో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. పెద్ద సినిమాకు నెట్‌వర్కే గతి. పెట్టెకు రాని భాషలో ఫైలు ఉంటే కంప్యూటరు దాన్ని అప్పటికప్పుడు విప్పి, వచ్చిన భాషలో మళ్లీ కుదించి పంపాలి. దీనికి ట్రాన్స్‌కోడింగ్ అని పేరు. పీఎస్3 మీడియా సర్వర్ అనే ఉచిత ప్రోగ్రాం ఇదే పనిచేసేది. చారులో నీళ్లు కలిపినట్టు, మళ్లీ కుదించిన ప్రతిసారీ బొమ్మ కొంత పలచబడుతుంది. కంప్యూటరు ఫ్యానూ హోరెత్తుతుంది.

ఈలోగా ఎక్స్‌బీఎంసీ పుట్టింటిని వదిలే వయసుకొచ్చింది. హై డెఫినిషన్ సినిమాలు వచ్చాక చుక్కకు 14 టిక్కులతో చేయగలిగింది ఏమీ లేదు. 2007లో దాన్ని లినక్స్‌కు మార్చే పని మొదలైంది. 2008 నవంబరు నాటికి విండోస్, లినక్స్, మ్యాక్, ఎక్స్‌బాక్స్ అన్నిటికీ ఒకే పేరుతో విడుదలైంది. 2010 మే నెలలో మాతృయంత్రానికి సెలవు చెప్పేశారు. పేరులో ఎక్స్‌బాక్స్ మిగిలి, యంత్రం మాయమైన వింత స్థితి నాలుగేళ్లు నడిచాక, 2014 ఆగస్టులో కోడీ అని పేరు మార్చారు. 64 మెగాబైట్ల మెమరీలో బతకడం నేర్చిన ప్రోగ్రాం కాబట్టి అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై లాంటి చౌక బోర్డుల మీదా హాయిగా నడిచింది. ఎవరైనా చిన్న ప్రోగ్రాములు రాసి తగిలించుకునే వీలు కూడా ఎక్స్‌బాక్స్ నాటిదే. ఆ వీలే తర్వాత తలనొప్పి అయింది. దొంగ సినిమాలకు దారిచూపే తగిలింపులు పెట్టి పెట్టెలు అమ్మేవాళ్లు తయారయ్యారు. అలాంటి అమ్మకం తప్పని యూరోపియన్ న్యాయస్థానం 2017 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. కోడీ బృందమూ వాళ్లతో తమకు సంబంధం లేదని పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది.

మ్యాక్ కోసం 2008లో విడిపోయిన ఒక శాఖ ప్లెక్స్‌గా ఎదిగింది. ఒకే తల్లి బిడ్డలైనా కోడీ, ప్లెక్స్ దారులు వేరు. కోడీ చూసే పెట్టెకే అన్ని భాషలూ నేర్పుతుంది. ప్లెక్స్ పంపే కంప్యూటరు చేత అనువాదం చేయిస్తుంది. ఫోన్లో, బస్సులో, ఎక్కడో దూరాన చూడాలంటే రెండోదే మేలు. ఒకే ఇంట్లో, ఒకే గొడుగు కింద చూసేటప్పుడు మాత్రం మొదటిదానికే నా ఓటు. ఫైలును ముట్టుకోకుండా ఆడించేదానికి మించిన బొమ్మ మరేదీ ఇవ్వలేదు. టీవీ పెట్టె కొనేటప్పుడు మెమరీ ఎంత అని అడిగే ముందు, ఏయే కుదింపులను తానే విప్పుతుందో అడగండి.

2017 డిసెంబరులో కోడీ ఎక్స్‌బాక్స్ వన్ మీదికి తిరిగొచ్చింది. ఈసారి మాడ్‌చిప్ లేదు, బాండ్ ఆట లేదు. మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం నుంచే దించుకోవచ్చు.

ఇక 2001 నాటి పాత పెట్టె ఇంకా ఎవరి అటక మీదైనా ఉంటే ఒక మాట. చివరగా వచ్చిన 1.6 రకం తప్పిస్తే మిగతా వాటన్నిటిలో, బోర్డు మీద గడియారానికి శక్తినిచ్చే కెపాసిటర్‌తో ఒక చిక్కు ఉంది. ఏళ్లు గడిచాక అది కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. అది లేకపోయినా యంత్రం నడుస్తుంది, ప్లగ్ తీసినప్పుడు టైము మాత్రం మరిచిపోతుంది. మూత విప్పి దాన్ని తీసేయించండి.