వెలుగు కత్తిలో చుక్కలెందుకు కనిపిస్తాయి?

వంటింట్లో వాడే బటర్ పేపరు ముక్క ఒకటి తీసుకోండి. దాన్ని వార్తాపత్రిక మీద పరిచి చూడండి. అక్షరాలు కొంచెం మసకగా ఉన్నా చదవడానికి వీలుగానే ఉంటాయి. ఇప్పుడు ఆ కాగితాన్ని రెండు సెంటీమీటర్లు పైకెత్తండి. అక్షరాలు మాయమై బూడిదరంగు మరక మాత్రమే మిగులుతుంది. కాగితం అదే, అచ్చు అదే. మారింది రెండింటి మధ్య దూరం ఒక్కటే. ఇంట్లో వెలిగే బొమ్మకత్తి చేసుకోవాలనుకునే వారికి కావలసిన సూత్రం చాలావరకు ఈ చిన్న ప్రయోగంలోనే ఉంది.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, ముఖ్యంగా లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో, తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చింది. బతుకమ్మ, దసరా పండుగలు వచ్చాయంటే పిల్లల వేషాలకు కత్తులు కావాలి. ఒకప్పుడు అట్టను కత్తిరించి వెండిరంగు కాగితం అంటిస్తే సరిపోయేది. ఇప్పటి పిల్లలు వెలిగే కత్తి కావాలంటున్నారు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అందులో దూర్చడానికి ఒక ఎల్.ఇ.డి. పట్టీ బజారులో దొరుకుతాయి. రెండూ కలిపి మీట నొక్కితే కత్తి వెలుగుతుంది. కానీ అది కత్తిలా కనిపించదు, దీపాల తోరణంలా కనిపిస్తుంది! గొట్టం పొడవునా చుక్కలు, చుక్కల మధ్య చీకటి.

ఎందుకిలా జరుగుతుంది?

ఎల్.ఇ.డి.లో వెలిగే భాగం చాలా చిన్నది. ఆవగింజలో ఇమిడిపోయే అర్ధవాహకపు ముక్క అది. పట్టీ మీద ఇలాంటివి మీటరుకు 30, 60 లేదా 144 చొప్పున అమర్చి ఉంటాయి. మీటరుకు 60 ఉంటే రెండు దీపాల మధ్య దూరం సుమారు 16.7 మిల్లీమీటర్లు. 144 ఉంటే సుమారు 7 మిల్లీమీటర్లు.

ఆరోగ్యంగా ఉన్న కన్ను 10 మీటర్ల దూరం నుంచి దాదాపు 3 మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. కాబట్టి మీటరుకు 144 దీపాల పట్టీ కొన్నా, నాటకం చూసేవారికి చుక్కలు కనిపించే తీరతాయి. దీపాల సంఖ్య పెంచితే సమస్య తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. చుక్కలను చెరపాలంటే కాంతిని చెదరగొట్టాలి. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు.

సూరత్‌లోనే రెండు పాఠాలు

కాంతితో ఎలా వ్యవహరించాలో నేర్చుకోవడానికి సూరత్‌ను మించిన ఊరు లేదేమో! ఎందుకంటే ఆ నగరపు రెండు పెద్ద వృత్తులు కాంతిని పూర్తిగా వ్యతిరేకమైన రెండు పద్ధతుల్లో వాడుకుంటాయి.

మొదటిది వజ్రాల సానపట్టు. వరాఛా, కతార్‌గామ్ ప్రాంతాల్లోని కార్ఖానాల్లో నిపుణులు వజ్రానికి నునుపైన ముఖాలు దిద్దుతారు. వజ్రపు వక్రీభవన గుణకం 2.42. అందువల్ల దాని సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలే. లోపలికి వెళ్లిన కాంతికిరణం అడుగు ముఖాన్ని ఇంతకంటే ఎక్కువ కోణంలో తాకితే బయటికి పోలేదు. సంపూర్ణాంతర పరావర్తనం చెంది పైకే తిరిగివస్తుంది. ముఖాల కోణాలు ఎంత ఉండాలో లెక్కగట్టి మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఒక పుస్తకమే రాశాడు. ఇక్కడ కాంతి చెదరకూడదు. ముఖం మీద చిన్న గీత పడినా తళుకు తగ్గుతుంది.

రెండవది కృత్రిమ నూలు వస్త్రాల తయారీ. సూరత్ నూలు వ్యాపారులను అడిగితే పాలియెస్టర్ దారంలో బ్రైట్, సెమీ డల్, ఫుల్ డల్ అనే రకాలున్నాయని చెబుతారు. పాలియెస్టర్ సహజంగా గాజులా మెరుస్తుంది. ఆ మెరుపును తగ్గించడానికి దారం తీసేముందే కరిగిన ముద్దలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి కలుపుతారు. సెమీ డల్ రకంలో ఇది సుమారు 0.3 శాతం, ఫుల్ డల్ రకంలో సుమారు 2 శాతం ఉంటుంది. ఈ పొడి రేణువులు మైక్రాన్‌లో మూడో వంతు కంటే చిన్నవి. పాలియెస్టర్ వక్రీభవన గుణకం సుమారు 1.6 అయితే ఈ పొడిది 2.5 కంటే ఎక్కువ. ఇంత తేడా ఉండటం వల్ల కాంతి ప్రతి రేణువు దగ్గరా దారి మళ్లుతుంది. వేల మలుపులు తిరిగి బయటికొచ్చిన కాంతికి తాను ఎటునుంచి బయలుదేరిందో గుర్తుండదు. దారం పాలలా తెల్లగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది.

మన కత్తికి కావలసింది వజ్రపు పాఠం కాదు, దారపు పాఠం.

పొర ఒక్కటే చాలదు

అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెల్లటి పొరను పట్టీకి అంటించి, చుక్కలు ఇంకా ఎందుకున్నాయని ఆశ్చర్యపోతారు. వార్తాపత్రిక మీద పరిచిన బటర్ పేపరు సంగతి గుర్తు తెచ్చుకోండి. పొర తన మీద పడిన కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లగలదు. కానీ తన మీద కాంతి పడని చోట వెలగలేదు. దీపానికి ఎదురుగా ఎక్కువ, దీపాల నడుమ తక్కువ కాంతి పడితే పొర ఆ హెచ్చుతగ్గులనే మనకు చూపిస్తుంది. కాబట్టి కాంతి పొరను చేరేలోపే ఒక దీపపు వెలుగు పక్కదాని వెలుగుతో కలిసిపోవాలి. అందుకు దూరం కావాలి.

ఎంత దూరం? దీన్ని లెక్కగట్టవచ్చు. ఒక వరుసలో సమాన దూరంలో ఉన్న ఎల్.ఇ.డి.లను తీసుకుందాం. పొర, దీపాల ఎడంలో సగం దూరంలోనే ఉంటే, దీపాల నడుమ పడే కాంతి దీపానికి ఎదురుగా పడే దానిలో దాదాపు సగమే. చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అదే పొరను దీపాల ఎడమంత దూరంలో ఉంచితే తేడా సుమారు 6 శాతానికి పడిపోతుంది. ఇంకో మెత్తటి పొర తోడైతే దాన్ని కన్ను పట్టుకోలేదు. అంటే గుర్తుంచుకోవలసిన నియమం ఇది: పట్టీ నుంచి పొర వరకు ఉన్న దూరం, దీపానికీ దీపానికీ ఉన్న ఎడం కంటే తక్కువ కాకూడదు.

ఈ నియమాన్ని కత్తికి వర్తింపజేద్దాం. 25 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న గొట్టం పిల్లల చేతికి సరిపోతుంది. అందులో రెండు పట్టీలను వీపులు కలిపి నడుమ నిలిపితే, దీపం నుంచి గోడకు దక్కే దూరం 8 నుంచి 10 మి.మీ. మాత్రమే. మీటరుకు 60 దీపాల పట్టీకి ఇది చాలదు, దాని ఎడం 16.7 మి.మీ. కదా. మీటరుకు 144 దీపాల పట్టీకి సరిగ్గా సరిపోతుంది. కత్తి కొనేముందు గొట్టాన్ని బట్టి పట్టీని ఎంచుకోవాలి తప్ప పట్టీ కొన్నాక గొట్టం వెతకకూడదు.

పట్టీ అంచుల వైపు, అంటే రెండు వీపులు కలిసే చోట, మరో చీకటి గీత కనిపిస్తుంది. ఎల్.ఇ.డి. ఎక్కువ కాంతిని ఎదురుగానే పంపుతుంది, పక్కలకు తక్కువ. ఈ గీత పోవాలంటే గొట్టం లోపల కాంతి అటూ ఇటూ తిరగాలి. గొట్టపు గోడ పాలరంగుదైతే కొంత కాంతి వెనక్కి తిరిగి, ఎదుటి గోడను చేరి, ఈ లోటును పూడుస్తుంది.

ఏ పొర మంచిది?

గొట్టాన్ని సన్నని ఉప్పు కాగితంతో రుద్దటం సులభమైన మార్గం. నునుపు పోయిన తలం మీద ప్రతి చిన్న గీతా ఒక్కో కోణంలో కాంతిని వంచుతుంది. కానీ ఒక పరీక్ష చేయండి. రుద్దిన చోట నీటి చుక్క వేయండి. అక్కడ గొట్టం మళ్లీ పారదర్శకమవుతుంది! ఆక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49, గాలిది 1, నీటిది 1.33. గరుకు గుంటల్లో గాలికి బదులు నీరు చేరితే తేడా తగ్గి, కాంతి వంగటం తగ్గుతుంది. నూనె మరక పడిన కాగితం మసకగా పారదర్శకం కావటానికీ కారణం ఇదే. చేతుల చెమట, జిడ్డు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే బయట రుద్దటం కంటే లోపల పొర పెట్టడం మేలు.

లోపలికి బటర్ పేపరు, తెల్లటి పలుచని పాలియెస్టర్ గుడ్డ, గాజు సామాన్లకు చుట్టి పంపే తెల్లటి నురుగు షీటు, వీటిలో ఏదైనా వాడవచ్చు. గుండ్రంగా చుట్టి గొట్టపు గోడకు ఆనించి దూర్చండి. పట్టీకి అంటించకండి.

అలాగని పొర మీద పొర వేసుకుంటూ పోకూడదు. పొర కాంతిని సృష్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది. ప్రతి పొరా కొంత కాంతిని వెనక్కి పంపుతుంది, కొంత మింగేస్తుంది. ఒక్కో పొర చేర్చి, చీకటి గదిలో మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. చుక్కలు కలిసిపోయిన క్షణాన ఆపండి. ఆ తరువాత వేసే పొర కత్తిని మందగింపజేయటం తప్ప మరేమీ చేయదు.

పిడి నుంచి వెలిగిస్తే?

పట్టీ లేకుండా పిడిలో ఒకే శక్తివంతమైన ఎల్.ఇ.డి. పెట్టి పైకి వెలుగు పంపే పద్ధతి కూడా ఉంది. ఇందులో చుక్కల బెడద ఉండదు. కానీ మొదట్లో వెలుగు ఎక్కువై కొసకు పోయేకొద్దీ తగ్గుతుంది.

గొట్టానికి బదులు గట్టి ఆక్రిలిక్ కడ్డీ వాడితే వజ్రపు పాఠం అక్కరకొస్తుంది. ఆక్రిలిక్ సందిగ్ధ కోణం 42 డిగ్రీలు. అడుగున చదునుగా కోసిన ముఖం నుంచి లోపలికి వెళ్లిన కాంతి పక్క గోడలను 48 డిగ్రీలకు తక్కువ కాని కోణంలోనే తాకుతుంది. కాబట్టి అంతా లోపలే పరావర్తనం చెందుతూ కొసకు చేరుతుంది. కొస తళుక్కుమంటుంది, పక్కలు చీకటిగా ఉంటాయి! పక్కలు వెలగాలంటే గోడను గరుకు చేయాలి. అయితే అంతటా సమానంగా కాదు. పిడి దగ్గర కాంతి ఎక్కువ కాబట్టి తక్కువగా, కొసకు పోయేకొద్దీ ఎక్కువగా రుద్దాలి. ద్రవస్ఫటిక తెరల వెనుక ఉండే పలకలోనూ ఇదే ఉపాయం ఉంది. దీపానికి దగ్గర చుక్కలు పలుచగా, దూరంలో దట్టంగా ముద్రిస్తారు. అయితే 90 సెం.మీ. పొడవు, 25 మి.మీ. వ్యాసం ఉన్న కడ్డీ అర కిలో దాటుతుంది. అదే కొలతల గొట్టం సుమారు 150 గ్రాములే. చిన్నపిల్లలకు గొట్టమే నయం.

మరో సంగతి. పిడి నుంచి కొసకు నెమ్మదిగా తగ్గే వెలుగును కన్ను అంతగా పట్టించుకోదు. తక్కువ దూరంలో చటుక్కున మారే వెలుగునే అది పట్టుకుంటుంది. కాబట్టి మీ శ్రమంతా చుక్కలు చెరపటం మీదే పెట్టండి.

వెలుగు కత్తులకు ప్రపంచమంతా పేరు తెచ్చింది 1977లో విడుదలైన స్టార్ వార్స్ చిత్రం. అందులో ఎల్.ఇ.డి.లు లేవు. వచ్చిన దిక్కుకే కాంతిని తిప్పి పంపే పదార్థాన్ని కడ్డీలకు చుట్టారు, తరువాత ఫిలిం మీద ఒక్కో ఫ్రేములో మెరుపు గీశారు. వారికి కెమెరా ముందు దొరకని సమానమైన వెలుగు, ఈనాడు మన ఇంట్లో దొరుకుతోంది.

విద్యుత్తుతో జాగ్రత్త

ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉండే రంగులు మార్చే పట్టీల్లో ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. 90 సెం.మీ. పొడవున రెండు పట్టీలంటే సుమారు 260 దీపాలు. అన్నీ పూర్తిగా వెలిగితే 15 ఆంపియర్లు దాటుతుంది! 5 వోల్టుల దగ్గర ఇది దాదాపు 78 వాట్లు. మూసిన ప్లాస్టిక్ గొట్టంలో అంత వేడి ప్రమాదకరం, సన్నని తీగలు మాడిపోతాయి. చీకటి వేదిక మీద అందులో పదోవంతు వెలుగు చాలు. నియంత్రణ పెట్టెలో కాంతిని ఆ మేరకు తగ్గించే ఉంచండి.

పట్టీ పొడవునా వోల్టేజి తగ్గుతూ పోతుంది. నీలానికి సుమారు 3 వోల్టులు, ఎరుపుకు సుమారు 2 వోల్టులు కావాలి కాబట్టి కొసలో ముందు నీలం నీరసించి, తెలుపు పసుపు ఛాయకు మారుతుంది. ఇది పొర లోపం కాదు. రెండు కొసలకూ విద్యుత్తు అందిస్తే సరిపోతుంది.

విడి లిథియం సెల్‌లను పిల్లల బొమ్మల్లో పెట్టకండి. అవి షార్టయినా, నలిగినా మంటలు లేస్తాయి. రక్షణ వలయం ఉన్న 5 వోల్టుల పవర్ బ్యాంక్, లేదా 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు నాలుగు వాడండి. ధన తీగకు ఒక ఫ్యూజు తప్పనిసరి. ఆక్రిలిక్ గొట్టం గట్టిగా తగిలితే పదునైన ముక్కలుగా పగులుతుంది. పిల్లలు కత్తులు తాటిస్తారనుకుంటే పాలికార్బనేట్ గొట్టం తీసుకోండి. ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు నీళ్లు చల్లుకుంటూ రుద్దితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోదు.

చివరగా ఒక పని. ఈసారి బజారుకు వెళ్లినప్పుడు ఒక స్కేలు జేబులో వేసుకోండి. పట్టీ మీద దీపాల ఎడం, గొట్టం లోపలి వ్యాసం కొలవండి. ఈ రెండు అంకెలు తెలిస్తే, డబ్బు ఇవ్వకముందే మీ కత్తి ఎలా వెలుగుతుందో మీరే చెప్పగలరు.