రెబ్బెన రాళ్ళలో బల్లి దవడ

గోడమీద బల్లిని, కంచెమీద తొండను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఏది బల్లి, ఏది తొండ అని అడిగితే చిన్నపిల్లవాడు కూడా తడుముకోకుండా చెబుతాడు. బల్లి ఒళ్ళు మెత్తన, గోడకు అంటుకుని పాకుతుంది. తొండ ఒళ్ళు గరుకు, మెడమీద ముళ్ళు, పైగా తల ఊపే అలవాటు.

సరే. ఇప్పుడు చర్మం లేదనుకోండి. రంగు లేదు, కాళ్ళు లేవు, తోక లేదు. మీ ముందున్నది గోరంత కూడా లేని దవడ ముక్క ఒక్కటే. అది కోట్ల సంవత్సరాల నాటి రాతిలో దొరికింది. అది ఏ జంతువుదో చెప్పగలరా? దానికేం పేరు పెడతారు?

సరిగ్గా ఇటువంటి ప్రశ్ననే పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని రెబ్బెన ప్రాంతపు రాళ్ళు శాస్త్రజ్ఞుల ముందు ఉంచాయి. 2016లో జరిగిన జిల్లాల విభజన తర్వాత రెబ్బెన కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. రాళ్ళు మాత్రం అవే!

పొరల కింద పొరలు

రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి అనగానే మనకు బొగ్గు గనులు గుర్తుకు వస్తాయి గదా! ప్రాణహిత, గోదావరి నదుల వెంబడి ఉన్న ఈ నేల ఒకప్పుడు కోట్ల సంవత్సరాల పాటు కుంగుతూ వచ్చింది. ఆనాటి నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు ఆ పల్లంలో పొరమీద పొరగా పేరుకుని రాళ్ళయ్యాయి. అడుగు పొరల్లో 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవులు బొగ్గుగా మారి ఉన్నాయి. వాటికి పైన మలేరి అనే ఊరి పేరుతో పిలిచే ఎర్రమట్టి పొరలున్నాయి. ఇంకా పైన 'కోట' పొరలు. ప్రాణహితకు అవతలి గట్టున, మహారాష్ట్రలో ఉన్న కోట గ్రామాన్ని బట్టి వీటికి ఆ పేరు వచ్చింది. ఇవి జురాసిక్ యుగానివి. వీటి వయస్సు సుమారు 16 నుంచి 19 కోట్ల సంవత్సరాలు ఉంటుందని అంచనా.

కోట పొరల్లో దొరికిన చేప శిలాజాన్ని గురించి 1851లోనే ఇంగ్లండులో వ్యాసం వెలువడింది. ఈ పొరల్లోని రాక్షసబల్లులు మరింత ప్రసిద్ధి. యామన్‌పల్లి పేరు మీద, పి. యాదగిరి 1988లో ఒక రాక్షసబల్లికి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరులో నిలబెట్టారు. పేరులో బల్లి ఉన్నా, రాక్షసబల్లులు నిజమైన బల్లులు కావు. మన కథ వాటి కాళ్ళ సందున పరుగెత్తిన చిన్న ప్రాణులను గురించి.

జల్లెడ పట్టి వెదకాలి

రాక్షసబల్లి తొడ ఎముక దూరం నుంచే కనబడుతుంది. మిల్లీమీటర్లలో కొలిచే దవడ ముక్క కంటికి ఆనదు. అందుకని ఇటువంటి వాటిని వెదికేవారు శిలాజాలున్న మట్టిరాతిని బస్తాలకెత్తుకుని తెస్తారు. నీళ్ళలో నానబెడతారు. మెత్తబడిన మట్టిని సన్నని జల్లెడల్లో పోసి కడుగుతారు. జల్లెడలో మిగిలినదాన్ని ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద గింజ గింజా ఏరుతారు. ఇంట్లో అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. ఇక్కడ రాళ్ళలోంచి ఎముకలు ఏరాలి! బస్తాలకొద్దీ మట్టికి గుప్పెడు ఎముకలు దొరికితే అదే గొప్ప.

రెబ్బెన దగ్గరి పైకాసిగూడెం పొరలలో ఇలాంటి చిన్న ఎముకలు చాలా దొరికాయి. చేపల పొలుసులు, తొలినాటి క్షీరదాల పళ్ళు, వాటితోపాటు చిన్న చిన్న సరీసృపాల దవడలు. ఈ దవడలను లండన్ శాస్త్రజ్ఞురాలు సుసాన్ ఇవాన్స్, మన దేశానికి చెందిన జి.వి.ఆర్. ప్రసాద్, బి.కె. మన్హాస్ కలిసి పరిశీలించారు.

పళ్ళు పట్టిచ్చిన గుట్టు

చర్మం, కాళ్ళు లేనప్పుడు దేనిని బట్టి గుర్తుపట్టాలి? పళ్ళను బట్టి. పన్ను ఆకారం ఒక్కటే చాలదు, అది దవడకు ఎక్కడ అతుక్కుందో చూడాలి.

గోడమీది బల్లి దవడలో పళ్ళు దవడ ఎముక లోపలి పక్కకు అంటుకుని ఉంటాయి. గోడకు చేరవేసిన నిచ్చెనలా అన్నమాట. ఒక పన్ను ఊడితే దాని చోట మరొకటి వస్తుంది. వీటిని పార్శ్వదంతాలు అంటారు.

తొండ దవడలో వెనక పళ్ళు అలా ఉండవు. ప్రహరీ గోడ నెత్తిన గాజుపెంకులు గుచ్చినట్లు, అవి దవడ ఎముక అంచుమీదే కలిసిపోయి ఉంటాయి. ఇవి అగ్రదంతాలు. అరిగిపోయినా వీటి చోట కొత్తవి రావు. అయితే తొండకు ముందువైపు మాత్రం కొన్ని పార్శ్వదంతాలు ఉంటాయి. ఊసరవెల్లికి ఉన్నవి అగ్రదంతాలే.

రెబ్బెన దవడలు కొన్నింటిలో ముందు పార్శ్వదంతాలు, వెనక అగ్రదంతాలు కనిపించాయి. అచ్చం తొండ పద్ధతి! దాన్ని బట్టి ఆ ముగ్గురు శాస్త్రజ్ఞులు ఇది తొండలు, ఊసరవెల్లుల వంశానికి చెందిన అతి పాత బంధువు అని నిర్ణయించి, 2002లో 'భారతగామ రెబ్బనెన్సిస్' అని పేరు పెట్టారు. మొదటి మాట ప్రజాతి పేరు: భారతదేశపు 'అగామ', అంటే తొండ జాతి ప్రాణి. రెండవ మాట జాతి పేరు: రెబ్బెనకు చెందినది. తొండల వంశ చరిత్ర ఒక్కసారిగా కోట్ల ఏళ్ళు వెనక్కి జరిగింది. ఆ చరిత్రలో మన దేశానికి చోటు దొరికింది.

పేరుతో తీర్పు అయిపోతుందా?

అయిపోదు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. అగ్రదంతాలు తొండలకే సొంతం కావు. న్యూజీలాండులో టువటారా అనే ప్రాణి ఉంది. చూడటానికి బల్లిలా ఉంటుంది, కాని బల్లి కాదు. రింకోసెఫాలియా అనే వేరే వర్గంలో ఈనాటికి మిగిలినది అదొక్కటే. దాని పళ్ళు కూడా దవడ అంచుమీదే అతుక్కుని ఉంటాయి. 1831లో దాని పుర్రెను చూసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే దానిని తొండల కుటుంబంలో చేర్చాడు. 1867లో ఆల్బర్ట్ గుంథర్ లోపలి నిర్మాణాన్ని జాగ్రత్తగా పరిశీలించి, ఇది వేరే వర్గమని తేల్చాడు. బతికి ఉన్న ప్రాణి విషయంలోనే ఇలా జరిగితే, దవడ ముక్క విషయం చెప్పాలా!

ఇంకో సంగతి. టువటారా బంధువులు కోట పొరల్లోనూ ఉన్నాయి. ఈ ముగ్గురే 2001లో వాటిలో రెండింటికి 'రెబ్బనసారస్ జైని', 'గోదావరిసారస్ లతీఫి' అని పేర్లు పెట్టారు. ఇవి భారతగామకు ఇరుగుపొరుగులు. అందువల్ల భారతగామ కూడా తొండల బంధువు కాక, టువటారా బంధువే కావచ్చునని తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు సందేహం వెలిబుచ్చారు. ఆ ప్రశ్న ఇంకా తేలలేదు.

ఇలాంటి సందేహాలు ఎంత అవసరమో చూడండి. మధ్యప్రదేశ్‌లోని టికి పొరల్లో దొరికిన ఒక దవడకు 2006లో 'టికిగువానియా' అని పేరు పెట్టారు. అది 20 కోట్ల ఏళ్ళకు పైబడిన బల్లి అన్నారు. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దానిని ఇప్పటి తొండల దవడలతో పోల్చి చూస్తే తేడా దాదాపు కనిపించలేదు. ఈమధ్య చచ్చిన తొండ ఎముక ఏదో ఆ పాత మట్టిలో కలిసి ఉంటుందని వారు వాదించారు.

దీన్ని బట్టి మీకు ఏం తెలుస్తోంది? కొత్త జాతికి పేరు పెట్టడమంటే బిడ్డకు బారసాల చేయడం వంటిది కాదు. అది కోర్టులో వాదన వంటిది. ఏ నమూనాను బట్టి పేరు పెట్టారో దానిని భద్రపరచాలి. దాని వర్ణన అచ్చు వేయాలి. దగ్గరి జాతులకూ దానికీ తేడా ఏమిటో చూపాలి. అప్పుడు ప్రపంచంలో ఎవరైనా సరే ఆ నమూనాను మళ్ళీ చూసి 'ఔను' అనవచ్చు, 'కాదు' అనవచ్చు. ఈనాటి బల్లులకూ ఇదే నియమం. 2020లో తెలంగాణ బండరాళ్ళమీద బతికే రెండు కొత్త బల్లి జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో పసుపు తోక ఉన్నదాన్ని 'హెమిడాక్టైలస్ ఫ్లావికాడస్' అన్నారు. బతికి ఉన్న బల్లికి పొలుసులు లెక్కపెట్టవచ్చు, డి.ఎన్.ఎ. పరీక్ష చేయవచ్చు. భారతగామకు ఆ వీలు లేదు. దానికి పళ్ళే సాక్ష్యం.

మరి ఈ తగాదా తీరేదెలా? చెదరని పుర్రె ఒక్కటి దొరికితే చాలావరకు తేలిపోవచ్చు. అది ఆసిఫాబాద్ వాగు గట్టునో, మంచిర్యాల పొలం పక్కనో ఉండి ఉండవచ్చు. మీకు రాతిలో ఎముకలాంటిది కనబడితే సుత్తితో కొట్టి ఊడదీయకండి. ఏ పొరలో ఉందన్నది పోతే దాని విలువలో సగం పోయినట్లే. ఉన్న చోటనే ఫొటో తీయండి, ఊరి పేరు, తేదీ రాసుకోండి, సైన్సు మాస్టారికి చూపండి. ఆయన ద్వారా జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారికి తెలియజేయవచ్చు. ఆ పుర్రె భారతగామ తొండకు తాత అని చెబుతుందో, టువటారాకు తాత అని చెబుతుందో! ఏది తేలినా మన ఊరి రాళ్ళు చెప్పిన సాక్ష్యమే అవుతుంది.